దిగపహండికి తూర్పు దారి

ఈమధ్య మేము ఒక మహాయాత్ర చేసి వచ్చాం. సముద్రం చూశాం, కొండ ఎక్కాం, ఏరు దాటాం, కోతుల చేతిలో దోపిడీ అయ్యాం. మూడు రాత్రులు మూడు ఊళ్లలో పడుకున్నాం. ఒక కారు, కారు నెత్తిన ఒక కర్ర ఉయ్యాల. లోపల నేను, మా ఆవిడ సత్యవతి, మా అమ్మాయి హైమ, దాని అయిదు నెలల కూతురు. స్టీరింగు దగ్గర బాబులా అనే ఒరియా డ్రైవరు, నా వయసుకు కాస్త తక్కువవాడు. బయలుదేరిన ఊరు బరంపురం. చేరిన ఊరు దిగపహండి.

ఆ రెండు ఊళ్లూ తెలిసినవాళ్లు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. తెలియనివాళ్లకు చెబుతున్నాను. బరంపురంలో బస్సెక్కి వేరుశనగకాయల పొట్లం విప్పితే, అది అయిపోయేలోగా దిగపహండి వచ్చేస్తుంది. పడమర దిక్కున, తిన్నని రోడ్డు. మేము మాత్రం తూర్పుకు వెళ్లి, ఉత్తరానికి తిరిగి, మళ్లీ తూర్పుకు వచ్చి, ఆఖరికి పడమర చేరుకున్నాం. ఎందుకయ్యా అని అడిగినవాళ్లందరికీ శాస్త్రం అని చెప్పాను. పసిపిల్లతో తొలి ప్రయాణం, దిక్కులూ వారాలూ చూసుకోవద్దా అన్నాను. అసలు కారణం అది కాదు. పిల్లను ఇచ్చెయ్యడం నాకు ఇష్టం లేదు. అంతే.

మాది బరంపురంలో తాళ్ల కొట్టు. కొబ్బరి తాడు, జనపతాడు, నైలాన్ తాడు, వల నూలు. ఆవుకైనా పడవకైనా పెళ్లిపందిరికైనా మా కొట్లోనే కొనాలి. (కొనాలని రూలేమీ లేదు, పక్క సందులో ఇంకో రెండు కొట్లున్నాయి.) హైమ మాకు ఒక్కతే కూతురు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టిన పిల్లకు కాగితాల మీద తన్విక అని పేరు పెట్టారు. గుండ్రటి బుర్ర, దాని మీద నాలుగు పీచుల జుట్టు చూసి నేను బొండాం అన్నాను. ఇప్పుడు వాళ్ల నాన్న కూడా అలాగే పిలుస్తున్నాడు. అయిదో నెలలో తల్లినీ పిల్లనూ సారె పెట్టి అత్తవారింటికి పంపడం మా ఇళ్లలో ఆచారం. అందాకా పిల్ల ఆ గడప తొక్కదు.

ఆ అత్తవారిది దిగపహండిలో ఎరువుల కొట్టు. వియ్యపురాలు రాజేశ్వరమ్మగారు, బొండాం పుట్టడానికి వారం ముందు పెరట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను, మంచం, వాకరు, ఇప్పుడు చేతికర్ర. అల్లుడు ఆదివారం ఆదివారం వచ్చి కూతుర్ని చూసి వెళుతున్నాడు గాని, ఆవిడ మనవరాలిని ఫోనులో చూడడమే తప్ప వేలితో తాకింది లేదు. అయిదో నెల రాగానే ఆవిడే ఫోను చేశారు.

"ఎప్పుడు పంపుతారు అన్నయ్యగారూ?"

"బుధవారం అమ్మా. దారిలో పిల్లకి తారాతారిణి దర్శనం చేయించి తెస్తాం" అన్నాను.

గంజాం జిల్లాలో పుట్టిన పిల్లలందరినీ, తెలుగువాళ్లు గానీ ఒరియావాళ్లు గానీ, ఆ కొండమీది అమ్మవార్లకు ఒకసారి చూపించాల్సిందే. ఎవరూ కాదనలేరు.

"అలాగే, సాయంత్రానికి వచ్చేయండి. నాను గుమ్మంలోనే కూకుంటాను" అన్నారావిడ.

బుధవారం, గోపాల్‌పూర్

మా వంటింటి మేకుకు రెండు పంచాంగాలు వేలాడుతూ ఉంటాయి, ఒకటి తెలుగు, ఒకటి ఒరియా. ఏకాదశి దగ్గర్నుంచి అమావాస్య దాకా అన్నింటికీ పోట్లాడుకునే ఈ రెండూ వారశూల దగ్గర మాత్రం ఒక్కమాట మీద ఉంటాయి. సోమ, శనివారాలు తూర్పుకు పోకూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి పోకూడదు. గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమరకు పోకూడదు. ఆ రోజు ఆ దిక్కున శూలం పాతి ఉంటుందన్నమాట. నా కొట్లో కూర్చుని ఇదంతా వేలిమీద లెక్కకట్టే నేను బుధవారం ఎంచాను.

కారు ఎక్కి, సత్యవతి ఒళ్లో సారె డబ్బాలు సర్దుకుని, ఉయ్యాలను నేను నా చేత్తో, నా కొట్లో తాడుతో, పైన బిగించి కట్టాక, అప్పుడే గుర్తుకు వచ్చినట్టు నుదురు కొట్టుకున్నాను.

"అయ్యో, తారాతారిణి ఉత్తరం కదూ. ఇయాల బుధవారం!"

సత్యవతి నావైపు అదోలా చూసింది. "ఈ ముక్క మీకు నిన్న తెలీదేటి?"

"నిన్న మంగళవారం. నిన్న కూడా ఉత్తరమే శూల."

"మరి ఏటి సేద్దాం?"

"ఏటుంది, ఇయాల తూర్పుకెల్లి పిల్లకి సముద్రం సూపిద్దాం. రేపు కొండ."

బాబులా అద్దంలోంచి చూశాడు. ఒరియావాళ్లు అయ్యా అనడానికి ఆజ్ఞా అంటారు. "ఆజ్ఞా, దిగపహండి అటు. మీరు ఇటు అంటున్నారు."

"తిప్పవయ్యా, నీకు కిరాయి వస్తాది కదా" అన్నాను. తిప్పాడు.

శూలకు విరుగుడు కూడా పంచాంగంలోనే రాసి ఉంటుంది. ఆ రోజుకు చెప్పినది కాస్త నోట్లో వేసుకుని బయలుదేరితే శూల తొలగిపోతుంది. బుధవారం నువ్వులు, శుక్రవారం బార్లీ, ఆదివారం నెయ్యి, ఇలా. సారె డబ్బాల్లో ఒకటి నిండా నువ్వుల ఉండలే. తలా ఒకటి తినేస్తే ఆ పూటే కొండ ఎక్కి, దిగి, చీకటి పడేలోగా దిగపహండి చేరేవాళ్లం. అందుకని సత్యవతి ఆ డబ్బా మీద చెయ్యి వేయగానే, "సారె డబ్బా దారిలో ఇప్పకూడదు, అత్తారింట్లోనే ఇప్పాల" అని ఒక కొత్త శాస్త్రం అక్కడికక్కడే పుట్టించాను.

రాజేశ్వరమ్మగారికి ఫోను చేసి సంగతి చెప్పాను. 

"పంచాంగం సూసేరా అన్నయ్యగారూ?"

"సూసేనమ్మా."

"మీరు సూసేరంటే సరే."

గోపాల్‌పూర్‌లో బొండాం మొదటిసారి సముద్రం చూసింది. కెరటం రాగానే రెండు చేతులూ చాపింది. కెరటం వెనక్కి పోతే ఏడ్చింది, మళ్లీ వస్తే నవ్వింది. పక్కన ఫొటోలు దిగుతున్న కలకత్తావాళ్లు తమ ఫొటోలు మానేసి దీన్ని తీసుకున్నారు. ఇది మా వీధిలో అందరికీ చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతాను. నిద్రపోయింది. బంగాళాఖాతం అంత పెద్ద నీళ్లు అంత చప్పుడు చేస్తుంటే, నా భుజం మీద నోరు తెరుచుకుని, నా చొక్కా తడిపి, నిద్రపోయింది. బుడగలమ్మేవాడు బూర ఊదితే లేచింది. సముద్రానికి వీపు తిప్పి ఆ బూరకేసి చూసింది. కలకత్తావాళ్లు ఫొటో తీసింది నిజమే, కారు నెత్తిన ఉన్న ఉయ్యాలని.

కొబ్బరి బొండాలమ్మే ఆవిడ తెలుగావిడే, చేపలు పట్టే పల్లెకారుల మనిషి. ఒక్కో బొండాం యాభై రూపాయలంది. బరంపురంలో నలభయ్యే కదా అన్నాను.

"బరంపురంలో సముద్రం ఉన్నాదేటి బాబూ? గాలికి పది."

 ఇచ్చేశాను. ఆవిడ కత్తి దించి బొండాం బుర్ర నిమిరింది. మా బొండాం బుర్ర.

"ఇది ఎంతకిస్తారు?"

"ఇది అమ్మకానికి లేదు."

"అమ్మకానికి లేకపోతే మరి ఏ ఊరు పట్టుకెల్తున్నారు, సారెలూ ఉయ్యాలలూ ఏసుకొని?"

హైమ ఫక్కున నవ్వింది. నేను బొండాంలో గొట్టం పెట్టుకుని చాలాసేపు తాగాను.

ఆ సాయంత్రం వాళ్లు ఇసకలో నడుస్తుంటే నేను కార్లో కూర్చుని డబ్బా మూత తీసి నువ్వుల ఉండ ఒకటి తిన్నాను. పంచాంగం ప్రకారం నా ఒక్కడికీ ఉత్తరం దారి తెరుచుకుంది. వెళ్లలేదనుకోండి.

గురువారం, తారాతారిణి

అడుగున ఋషికుల్య ఏరు, పైన కొండ, కొండమీద అక్కచెల్లెళ్లయిన ఇద్దరు అమ్మవార్లు. మీరు వెళ్లలేదు కనక చెబుతున్నాను, పిల్లని ఎత్తుకుని ఆ మెట్లన్నీ ఎక్కడం మాటలు కాదు.  దారిలో ఒక ముసలాయన ఆగి, "ఈ వయసులో!" అని ఒరియాలో నాకు దండం పెట్టాడు. నేను ఆగలేదు.

నిజానికి అక్కడ తాడుబండి ఉంది, రోప్‌వే. అందులో ఎక్కాం. ఆ ముసలాయన కూడా మా పెట్టెలోనే ఉన్నాడు, నా ఎదురుగా కూర్చుని కిళ్లీ నములుతూ. అయితే ఆ తాడు ఎంత మందం, ఎన్ని పురులు, ఎంత బరువు మోస్తుంది అని నేను మా వాళ్లకు వివరించిన మాట నిజం. సత్యవతి కళ్లు మూసుకుని, "తాడు సంగతి దిగేక సెప్పండి" అంది.

పైన ఎక్కడ చూసినా బోడిగుండ్ల పసివాళ్లే. ఒకటి ఏడుపు ఆపితే ఇంకోటి అందుకుంటుంది. తొలి జుట్టు ఇక్కడ అమ్మవారికి ఇస్తారు. మన ఇళ్లలో అయితే పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి, ఆయన సెలవు పెట్టి రావాలి, ఆయనకు బట్టలు పెట్టాలి, పెట్టిన బట్టల గురించి ఏడాది మాట్లాడుకోవాలి. మా ఎదురుగా ఒక ఒరియా కుటుంబంలో నాయనమ్మ చతికిలబడి మనవణ్ణి ఒళ్లో వేసుకుంది. మంగలి కత్తి పెట్టగానే వాడు గుక్కపట్టాడు. ఆవిడ వాడికంటే గట్టిగా ఏదో పాట ఎత్తుకుంది. వాడు బిత్తరపోయి ఏడుపు మానేశాడు. పని అయిపోయింది.

హైమ అటే చూస్తూ నిలబడింది. మంగలి మా బొండాన్ని చూపించి, "దీనికీ తీసేద్దామా?" అన్నాడు. నాలుగు పీచులకు ఎంత సేపు పడుతుంది అని చేతులతో చూపించాడు కూడా.

"ఇప్పుడు కాదు" అంది హైమ. "అత్తయ్య ఒళ్లో కూకోబెట్టి తీయిద్దాం. ఆవిడ మెట్లు ఎక్కలేకపోయినా తాడుబండి ఉంది కదా."

నేను కొండకింది ఏటిని చూడడం మొదలుపెట్టాను. చాలా అందమైన ఏరు.

అప్పుడే కోతి వచ్చింది. ఒకటి కాదు, పది పన్నెండు. గుంపుగా మీదపడితే నేను పిల్లను గుండెకు అదుముకుని చేతికర్రతో... సరే, ఒకటే. పిల్లకోతి. నాకు చేతికర్ర కూడా లేదు. బొండాం తలమీది ఊలు టోపీ లాక్కుని గోడెక్కి కూర్చుని, దాన్ని తన తలకే పెట్టుకోబోయి, చిన్నదైపోతే నావైపు కోపంగా చూసింది. ఆ టోపీ రాజేశ్వరమ్మగారు మంచంలో ఉండగా అల్లి అల్లుడి చేతికిచ్చి పంపినది. సత్యవతి కొబ్బరిచెక్క విసిరితే కోతి దాన్ని అందుకుంది. టోపీ మాత్రం ఇవ్వలేదు. బొండాం మాత్రం ఈ యాత్రలో మొదటిసారి కిలకిలా నవ్వింది. సముద్రానికి నవ్వలేదు, అమ్మవారికి నవ్వలేదు, కోతికి నవ్వింది. మా ఆవిడ మాత్రం, "రోజూ సూసే మొహం కనిపించింది గావాల" అని నావైపు చూసింది.

ఆ రాత్రికి కొండకింద పురుషోత్తంపూర్‌లో దిగాం. హైమ వరండాలోకి వెళ్లి అత్తగారితో చాలాసేపు ఫోనులో మాట్లాడింది. టోపీ సంగతి చెబుతోందనుకున్నాను. నవ్వులు కూడా వినిపించాయి. టోపీ పోయిందంటే అంత నవ్వేముందో నాకు తెలియలేదు.

శుక్రవారం, పొడంపేట

పొద్దున్నే హోటల్లో ఉప్మా, దాని మీద ఘుగుని, అంటే బటానీల కూర, గరిటెడు. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు ఈ కలయిక చూసి మూతి ముడుస్తారు, రెండో రోజు తినేసి మూడో రోజు అడిగి వేయించుకుంటారు. తింటూ, "ఇయాల శుక్రవారం. పడమర శూల. కదలడానికి లేదు" అన్నాను, ఎంతో విచారంగా.

హైమ చేతిలో గ్లాసు ఉంది. "ఏటమ్మా అది?" అన్నాను.

"బార్లీ నీళ్లు నాన్నా. పాలు పడతాయని."

ఉప్మా నా గొంతులో ఆగింది. శుక్రవారపు శూలకు విరుగుడు బార్లీ. పిల్లా తల్లీ ఇద్దరికీ దారి తెరుచుకుని, తలుపులు బార్లా తీసి ఉంది. ఆ మాట తెలిసినవాణ్ణి ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే అనుకున్నాను. హైమ గ్లాసు ఎత్తి, నా మొహం చూస్తూ, మెల్లిగా, చివరి చుక్క దాకా తాగింది. గ్లాసు కింద పెట్టి కూడా నా మొహమే చూసింది.

"మరి ఏటి సేద్దాం నాన్నా?"

"పొడంపేట పోదాం. తూర్పు కదా, అడ్డులేదు. తాబేళ్లు వచ్చే కాలం" అన్నాను.

"సరే" అంది. ఆ సరేలో ఏదో ఉంది. నేను పట్టించుకోలేదు.

పొడంపేట అంటే ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లెకారుల ఊరు. పాత ఊరిని సముద్రం తినేసింది. సగం గోడలు ఇసకలో నిలబడి ఉన్నాయి, ఒక ఇంటి గుమ్మంలోంచి చూస్తే లోపల గది బదులు కెరటాలు. జనం వెనక్కి జరిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. పోలమ్మది ఆ కొత్త ఇళ్లలో ఒకటి. ఆమె మామగారి కాలం నుంచీ వల నూలు మా కొట్లోనే. మమ్మల్ని చూసి చాప పరిచింది, టీ పెట్టింది, మేము చేప తినమని గుర్తుపెట్టుకుని వేయించిన మరమరాలు తెచ్చింది. ఇంట్లో తిన్నట్టు తిన్నాం. పిల్లని మాత్రం మేము ఇవ్వక ముందే తీసేసుకుంది.

"ఏటి బాబూ, ఉయ్యాల నెత్తిని ఎట్టుకొని ఊరూరు తిరుగుతున్నారు? ఏసం కట్టేరేటి?"

నేను శూల గురించి, శాస్త్రం గురించి చెప్పాను. నదీ సంగమం, పసిపిల్లకు తొలి తీర్థం, వగైరా చేర్చాను. పోలమ్మ మధ్యలోనే ఆపింది.

"నాయనమ్మ సూసిందా పిల్లని?"

"ఇంకా లేదు."

"అయిదో నెలకి కూడానా?"

"ఆవిడకి కాలు ఇరిగింది పోలమ్మా."

"కాలు ఇరిగితే ఒళ్లు ఎక్కడికెల్లింది? ఒళ్లో పట్టదేటి పిల్ల?"

సత్యవతి తలదించుకుని టీ గ్లాసులోకి చూసింది. హైమ మరమరాలు ఏరుతోంది. ఎవరూ నాకు సాయం రాలేదు. పోలమ్మ బొండాన్ని పైకెగరేసి పట్టుకుంది.

"ఇక్కడ తాబేలమ్మ ఎంత దూరం నుంచో వస్తాది. గొయ్యి తీస్తాది, గుడ్లు ఎడతాది, ఇసక కప్పీసి ఎల్లిపోతాది. ఎనక్కి తిరిగి సూడదు. దానికి లేదు గానీ మీకెందుకు బాబూ ఇంత పట్టు? ఎవుల పిల్లని ఎవులకి ఇవ్వడానికి ఇన్ని ఊర్లు తిప్పుతున్నారు?"

"అదేటి పోలమ్మా, నాను తిప్పడం కాదు, శూల..."

"సూల నీ కడుపులో ఉన్నాది బాబూ" అంది. వాళ్ల వాకిట్లో వల కుడుతున్న ఆడవాళ్లందరూ నవ్వారు. బొండాం కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారని.

ఆ క్షణమే లేచి, "పదండి, శూలా లేదు గీలా లేదు, ఇప్పుడే దిగపహండి" అన్నాను.

అనలేదు. అందామనుకున్నాను. ఫోనులో రాజేశ్వరమ్మగారు "నాను గుమ్మంలోనే కూకుంటాను" అన్న మాట గోపాల్‌పూర్‌లో గుర్తుకు వస్తే నవ్వుకున్నాను. ఇక్కడ నవ్వు రాలేదు. అయితే పొద్దున్నే అంత గంభీరంగా శుక్రవారం కదలకూడదని చెప్పి, మధ్యాహ్నానికి కదులుదాం అంటే నా పెద్దరికం ఏం కావాలి? శూలం నేనే పాతాను, దానికి నన్ను నేనే కట్టేసుకున్నాను. ఆ రాత్రి ఛత్రపురంలో పడుకున్నాం.

శనివారం, రోడ్డు మీద

తాళ్ల వ్యాపారంలో తల నెరిసిన నేను కట్టిన ముడి గురించి ఒక మాట. ఛత్రపురం దాటగానే ఉయ్యాల పక్కకి ఒరిగి, బాబులా కిటికీ పక్కన వేలాడుతూ ఊగడం మొదలుపెట్టింది. దారినపోయేవాళ్లు లోపల పిల్ల ఉందేమోనని కేకలు వేశారు. బాబులా కారు ఆపి దిగి, ముడిని చూసి, నన్ను చూసి, పక్కకి తప్పుకున్నాడు. సత్యవతి సంచిలోంచి పాత చీర ముక్క తీసి కట్టింది. ఆ తరవాత ఉయ్యాల కదల్లేదు. తాడు లోపం అని నేను తేల్చాను. తాడు మా కొట్టుదే కదా అని హైమ గుర్తుచేసింది.

దిగపహండి వెళ్లాలంటే బరంపురం మీదుగానే వెళ్లాలి. మా వీధి చివర నుంచే కారు పోయింది. మా కొట్టు బోర్డు కనిపించింది. ఒకసారి ఇంట్లోకి వెళ్లి మొహం కడుక్కుందామా అన్నాను.

"సారెతో గడప దాటిన పిల్ల, అత్తారిల్లు సేరకుండా తిరిగి రాకూడదు" అంది సత్యవతి. ఆమె పుట్టించిన శాస్త్రం కాదది. నిజంగానే ఉంది.

పోనీ ఇడ్లీ తిందామన్నాను. ఆపారు. రాహుకాలం పోయేదాకా ఒక్కో ముక్కా చట్నీలో ముంచి, నానబెట్టి, చల్లారబెట్టి తిన్నాను. "ఆ ఇడ్లీ మింగుతారా, నన్ను మింగమంటారా?" అంది మా ఆవిడ. అప్పుడు చూశాను, ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగు రోజులుగా నేను దారులు తిప్పుతుంటే ఆమె ఒక్కసారి కూడా గట్టిగా కాదనలేదెందుకో అర్థమైంది. మింగేశాను.

దిగపహండి

రాజేశ్వరమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గోడ. మా వియ్యంకుడు, అంటే బావగారు, ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని దిష్టి తీశారు, ఆవిడ వంగలేరు కనక. ఆడవాళ్లు చేసే పని మగవాడు చేస్తుంటే వీధి వీధంతా చూసింది. ఆయన ఎడమకు తిప్పాల్సింది కుడికి తిప్పి, మళ్లీ మొదలుపెట్టారు. అల్లుడు కారు దగ్గరే హైమ చేతిలో సంచి అందుకుని, మా ముందు ఏం మాట్లాడాలో తెలియక ఉయ్యాల విప్పడానికి పోయాడు. చీర ముక్క ముడి వాడికి ఊడలేదు.

బొండాం నా చంకలో ఉంది. అది నన్ను వదిలి క్షణం ఉండదు. నేను లేనిదే పాలు తాగదు, నిద్రపోదు. అప్పగించేటప్పుడు నా చొక్కా గట్టిగా పట్టుకుంది. వేళ్లు విడదీయాల్సి వచ్చింది. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

అది పట్టుకున్నది నా జేబులో పెన్నుని. పెన్ను ఊడి చేతికి రాగానే, పెన్నుతో సహా, వెనక్కి చూడకుండా నాయనమ్మ దగ్గరకు వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకున్నది ఒక్కరే. ఆ ఒక్కరి పేరు మాత్రం చెప్పను.

రాజేశ్వరమ్మగారు కుర్చీలో కూర్చుని పిల్ల కింద రెండు చేతులూ పెట్టి పట్టుకున్నారు.  ఒకసారి కాస్త ఎత్తి, దించి, మళ్లీ ఎత్తారు.

"రోజూ ఫోనులో సూసేను అన్నయ్యగారూ" అన్నారు. "ఫోనులో పిల్ల బరువు తెలీదు."

నా దగ్గర ఉన్న శాస్త్రాల్లో ఒక్కటీ బయటికి తియ్యలేదు.  "తప్పయిపోయిందమ్మా, బుధవారమే తేవల్సింది" అన్నాను.

ఆవిడ నవ్వారు. "బుధవారం నువ్వులు తింటే సాలు కదా, డబ్బా నిండా తెస్తున్నారు కదా అనుకున్నాను. నిన్న బార్లీ నీళ్లు తాగమని హైమకి నానే సెప్పేను. మీరు ఏటంటారో సూద్దామని."

హైమ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొడంపేట అన్నారత్తయ్యా! ఉప్మా గొంతుకి అడ్డం పడి కూడా, పొడంపేట అన్నారు!"

అప్పటికే సత్యవతి డబ్బా మూత తీసింది. ఉండలు వలయంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో ఒక గుంట.

"బుధవారం విరుగుడు ఎవరో తినీసినట్టున్నారే" అన్నారు రాజేశ్వరమ్మగారు.

బావగారు ఎప్పుడూ మాట్లాడరు. ఆయన కూడా నవ్వారు.

బాబులా కిరాయి పుచ్చుకుని కారుతో వెళ్లిపోయాడు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోదామని నేను లేచాను. కూర్చోవడానికి మొహం చెల్లలేదు. శనివారం తూర్పు శూల అని నలుగురూ ఒక్క గొంతుతో అన్నారు. బరంపురం తూర్పే. నేను నేర్పిన శాస్త్రమే, మళ్లీ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, సంచి పట్టుకుని వసారాలోకి వచ్చాను. ఆదివారం శూల పడమరకు. తూర్పుకు ఏ అడ్డూ లేదు. రాజేశ్వరమ్మగారు బొండాన్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. అది నా పెన్ను మూత నములుతోంది.

"ఎక్కడికి అన్నయ్యగారూ?"

"ఊరికమ్మా. కొట్టు తెరవాల."

"ఇయాల తూర్పు శూల" అన్నారు, కన్ను ఆర్పకుండా.

నేను సత్యవతి వైపు చూశాను. సత్యవతి దూలాల వైపు చూసింది. హైమ వేడి దోసె పళ్లెంలో పెట్టి, పక్కన నెయ్యి గిన్నె పెట్టింది. రాజేశ్వరమ్మగారు చేతికర్ర చాపి ఆ గిన్నెను మెల్లిగా నాకు అందనంత దూరం జరిపారు.

"నెయ్యి ఏసుకోకండి. ఆదివారం నెయ్యి తిన్నారంటే దారి తెరుసుకుంటాది, మళ్లీ మీరు ఎల్లిపోవాల."

నెయ్యి లేనిదే దోసె ముట్టనివాణ్ణని బరంపురంలో అందరికీ తెలుసు. సంచి మేకుకు తగిలించి కూర్చున్నాను. రెండు దోసెలు తిన్నాను. మూడు.

మర్నాడు సోమవారం. సోమవారం తూర్పు శూల. అది మాత్రం నిజం, కావాలంటే పంచాంగం చూసుకోండి.